ఇంట్లో చెమ్మ, కిటికీ అద్దాలకు చెమట: కర్నూలు ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

రాయలసీమలో ఇల్లు కట్టుకునేవారు ఎండను తట్టుకోవడం గురించే ఎక్కువగా ఆలోచిస్తారు. వాన సంగతి ఎవరికీ పెద్దగా పట్టదు. అందుకే ఆ కొద్ది వారాల వాన, ఆ వెనకే డిసెంబరు చలి వచ్చేసరికి గోడలు ఉబ్బుతాయి, బీరువా వెనక బూజు కనబడుతుంది, ఇంటిల్లిపాదీ రంగుల దుకాణం వైపు చూస్తారు. దయచేసి ఆగండి. నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలేదాకా రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. అది తేలాక అయ్యే ఖర్చు చాలా ఇళ్ళలో మీరు భయపడినంత ఉండదు. కింది జవాబులన్నీ ఈ ఒక్క మాట మీదే నడుస్తాయి.

మన దగ్గర వానలే తక్కువ కదా, చెమ్మ ఎలా వస్తుంది?

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే వాన పడుతుంది. కర్నూలు, కడపల్లో కొంచెం మెరుగు, అంతే. అయితే ఆ వాన ఏడాది పొడవునా పడదు. కొన్ని గట్టి వానల్లోనే చాలా భాగం కురిసిపోతుంది. కడప వైపు ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు నవంబరు దాకా సాగుతాయి. ఎండాకాలమంతా మాడిన స్లాబు, గోడలు అప్పటికే సన్నగా బీటలిచ్చి ఉంటాయి. కర్నూలు, నంద్యాల, ఆదోని, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి నేల ఎండకు కుంచించుకుపోయి, వానకు ఉబ్బుతుంది. దాని మీద నిలబడిన గోడ ఆ కదలికను ఓర్చుకోలేక కిటికీ మూలల దగ్గర ఏటవాలుగా పగులుతుంది. మొదటి గట్టి వాన ఆ పగుళ్ళలోంచే లోపలికి దిగుతుంది.

ఇది బయటి నుంచి వచ్చే నీరు. ఇంట్లో మనం పుట్టించే నీరు ఇంకోటి ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇంట్లో మనం పుట్టించే నీరా? అదెంత ఉంటుంది?

వంట గ్యాసు కాలితే వేడితో పాటు నీటి ఆవిరి కూడా వస్తుంది. కిలో గ్యాసుకు దాదాపు కిలోన్నర నీరు. అంటే ఇంటికి వచ్చే 14.2 కిలోల సిలిండరు ఖాళీ అయ్యేలోపు సుమారు 22 లీటర్ల నీరు ఆవిరై మీ వంటింటి గాలిలో కలుస్తుంది. ఇది మంట నుంచి వచ్చినది మాత్రమే. అన్నం, పప్పు, సంగటి ఉడికేటప్పుడు గిన్నెలోంచి లేచే ఆవిరి దీనికి అదనం. వేడినీళ్ళ స్నానం, వానకు ఇంట్లోనే దండెం కట్టి ఆరేసిన బట్టలు, మూతల్లేని నీళ్ళ డ్రమ్ములు, నిద్రలో మన ఊపిరి, అన్నీ కలిస్తే నలుగురున్న ఇంట్లో రోజుకు కొన్ని లీటర్లు అవుతాయి. ఆ నీరు బయటకు పోయే దారి లేకపోతే, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు వెతుక్కుని అక్కడ పడుతుంది. కిటికీ అద్దం, బయటి గోడ మూల, బీరువా వెనక భాగం దానికి ముందుగా దొరికే చోట్లు.

మా గోడ తడి గాలి నుంచి వచ్చిందా, గోడలోంచి వచ్చిందా? ఎలా తెలుసుకోవాలి?

మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తీసుకోండి. తడి కనిపిస్తున్న చోట గోడను పొడి గుడ్డతో తుడిచి, షీటును నాలుగు వైపులా గాలి దూరకుండా టేపుతో అంటించండి. ఒక రాత్రి, ఒక పగలు వదిలేయండి. షీటు లోపలివైపు, అంటే గోడ వైపు బిందువులు పట్టి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది. పైవైపు తడి ఉండి, లోపల పొడిగా ఉంటే అది ఇంటి గాలిలోని తేమ. రెండు వైపులా తడి ఉంటే రెండు సమస్యలూ ఉన్నాయన్నమాట. అప్పుడు గోడ సంగతి ముందు చూడాలి.

తడి కనిపించే చోటు, వేళ కూడా చాలా చెబుతాయి. నేల నుంచి పైకి రెండు మూడు అడుగుల దాకా అడ్డంగా ఒక గీత, ఆ గీత మీద తెల్లని ఉప్పు పూత ఉంటే నేలలోంచి ఎక్కుతున్న చెమ్మ. వాన పడిన కొన్ని గంటలకు పైకప్పు మీదో, గోడ పైభాగంలోనో మచ్చ పెద్దదైతే కారడం. వానతో పనిలేకుండా ఏడాదంతా ఒకే చోట తడిగా ఉంటే ఎక్కడో గొట్టం కారుతోంది. తెల్లవారుజామున వచ్చి, పది గంటలకు ఆరిపోయే తడి గాలిలోనిది.

వీలైతే ఇంట్లో ఒక తేమ మీటరు పెట్టుకోండి. నాలుగైదు వందల రూపాయల్లో దొరుకుతుంది. గదిలో తేమ 60 శాతం లోపు ఉంటే భయం లేదు. రోజుల తరబడి 70 దాటి ఉంటే బూజు వచ్చే ప్రమాదం ఎక్కువ.

చలికాలం పొద్దున కిటికీ అద్దం లోపలివైపు నీళ్ళు కారుతున్నాయి. అద్దం మార్చాలా?

అవసరం లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు ఎలా చెమట పడుతుందో ఇదీ అంతే.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో బయట 15 డిగ్రీలు, తలుపులు మూసిన గదిలో 26 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. మామూలు ఒంటి అద్దం లోపలి ముఖం దాదాపు 18 డిగ్రీలకు చల్లబడుతుంది. 26 డిగ్రీల గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఆ అద్దం మీద నీరు పట్టడం మొదలవుతుంది. నలుగురు పడుకునే చిన్న గదిలో తేమ అర్ధరాత్రికే ఆ గీత దాటుతుంది. రెండు పొరల అద్దాలకు వేలు పోయడం కంటే, పడుకునేటప్పుడు కిటికీ రెక్క రెండు వేళ్ళ మందం తెరిచి, గది తలుపు ఓరగా ఉంచితే చాలావరకు తగ్గిపోతుంది. పొద్దున లేవగానే అద్దాన్ని పొడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను బయట పిండి ఆరేయండి. బాత్రూములో వేలాడదీస్తే అదే నీరు మళ్ళీ గాలిలోకి వస్తుంది. పరదాలు అద్దానికి తగలకుండా కాస్త ఎడంగా ఉండాలి.

చలికి గది వెచ్చబడాలని మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రం ఎన్నడూ పెట్టకండి. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కిటికీ తెరిస్తే బయటి మంచు తేమ లోపలికి రాదా?

ఈ సందేహం సహజమే, కానీ లెక్క వేరుగా ఉంది. చల్లని గాలి తక్కువ నీటినే మోయగలదు. 17 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలి, ఘనపు మీటరుకు పన్నెండు గ్రాముల లోపు నీటిని తెస్తుంది. అదే గాలి గదిలోకి వచ్చి 26 డిగ్రీలకు వేడెక్కితే దాని తేమ 50 శాతం కంటే తక్కువకు పడిపోతుంది. కాబట్టి చలికాలంలో బయటి గాలి మీ ఇంటిని ఆరబెడుతుంది. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎదురెదురు కిటికీలు బారుగా తెరవండి.

వానాకాలంలో ఈ లెక్క చెల్లదు. ముసురు పట్టిన రోజు బయటి గాలే తేమతో బరువెక్కి ఉంటుంది. అప్పుడు వంట, స్నానం వేళల్లో మాత్రం తెరిచి, ఆవిరి పోగానే మూయండి. ముసురు విడిచి ఎండ కాసిన మధ్యాహ్నం మళ్ళీ అన్నీ తెరవండి.

ఎగ్జాస్ట్ ఫ్యాను కొనడం దండగ కాదా?

తక్కువ ఖర్చులో ఒకే ఒక వస్తువు కొనాల్సి వస్తే నేను కొనమని చెప్పేది అదే. చిన్న ఫ్యాను 35 వాట్లు వాడుతుందనుకుంటే, రోజుకు గంట నడిపినా నెలకు ఒక యూనిట్ కరెంటు. వంట మొదలుపెట్టేటప్పుడు వేసి, పొయ్యి ఆపిన పావుగంట తర్వాత కట్టేయండి. బాత్రూములో స్నానం అయ్యాక ఇరవై నిమిషాలు నడపండి. అప్పుడు బాత్రూము తలుపు మూసి ఉండాలి, తలుపు కింద గాలి వచ్చేంత సందు ఉండాలి. ఫ్యాను గాలిని ఇంటి బయటకు పంపాలి. వసారాలోకో, మెట్ల కిందికో పంపితే తేమ ఇంట్లో చోటు మారుతుంది, అంతే.

సీలింగు ఫ్యాను తేమను బయటకు పంపదు. కిటికీ తెరిచి వేస్తేనే దాని వల్ల ఉపయోగం.

జూలై తర్వాత ఎయిర్ కూలర్ వేస్తే గోడలు చెమరుస్తున్నాయి, ఎందుకు?

ఏప్రిల్, మే నెలల పొడి వేడిలో కూలర్ లాంటి చల్లని, చవకైన సాధనం లేదు. అది నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. వానలు మొదలయ్యాక గాలిలో అప్పటికే తేమ ఉంటుంది కాబట్టి చల్లదనం రాదు, నీరు మాత్రం గదిలో నిండుతుంది. జూన్‌లో మొదటి వానలు పడగానే నీళ్ళు ఒంపేసి, గడ్డి మెత్తలు ఎండబెట్టి కట్టిపెట్టండి. ఎండాకాలంలో కూడా కూలర్‌కు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉండాలి. మూసిన గదిలో కూలర్ నడిపితే పరుపులు, పుస్తకాలు పాడవుతాయి.

ఏసీ గదిలో అద్దానికి బయటివైపు తడి వస్తోంది. ప్రమాదమా?

కాదు. చల్లబడిన అద్దాన్ని బయటి తేమగాలి తాకడం వల్ల వస్తుంది. ఏసీని 18 నుంచి 25కు పెంచి, దాని గాలి నేరుగా అద్దానికి కొట్టకుండా రెక్కలు తిప్పితే సరిపోతుంది. అయితే ఏసీ గదికి ఆనుకుని ఉన్న గదిలో, ఆ ఉమ్మడి గోడకు అవతలివైపు బూజు వస్తోందేమో అప్పుడప్పుడు చూడండి.

వాన పడితే అల్యూమినియం జారుడు కిటికీ కిందనుంచి నీళ్ళు ఇంట్లోకి వస్తున్నాయి. సిలికాన్ పూస్తే ఆగుతుందా?

ముందు కిటికీ కింది పట్టాను చూడండి. రెక్కలు జారే ఆ గాడిలో, బయటి అంచు వైపు, వేలిగోరు పట్టేంత చిన్న రంధ్రాలు రెండో మూడో ఉంటాయి. గాడిలో పడిన వాన నీరు బయటకు పోవడానికే వాటిని పెడతారు. మన ఊళ్ళ దుమ్ము, మొదటి చినుకులకు తడిసి బురదై, ఎండకు గట్టిపడి ఆ రంధ్రాలను పూర్తిగా మూసేస్తుంది. పైన చీమలు చేరి మన్ను పోస్తాయి. ఇక గాడి నిండి నీరు లోపలికి పొంగుతుంది. పాత పళ్ళ బ్రష్షు, ఒక సన్నని తీగ, చెంబుడు నీళ్ళు చాలు. నీళ్ళు పోస్తూ తీగతో పొడిస్తే బురద బయటికి వచ్చి, నీరు ధారగా గోడ బయటకు పడటం కళ్ళారా చూస్తారు. ఏటా జూన్‌కు ముందు ఒకసారి ఇలా చేయాలి. ఆ రంధ్రాలు తెలియక వాటి మీదే సిలికాన్ పూసి మూసేసిన ఇళ్ళు ఉన్నాయి. వాటికి వాన వచ్చిన ప్రతిసారీ తిప్పలే.

రంధ్రాలు బాగున్నా నీరు వస్తుంటే, అప్పుడు ఫ్రేముకు, గోడకు మధ్య సందులో బయటివైపు నుంచి సిలికాన్ నింపండి. పాతది పూర్తిగా గీకి, పొడిగా ఉన్న రోజు చేయాలి. కిటికీ పైన సజ్జ అడుగు భాగంలో అంచుకు దగ్గరగా ఒక గాడి ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే నీరు సజ్జ అడుగున పాకుతూ వచ్చి కిటికీ తల దగ్గర దిగుతుంది.

కడప బండల నేల వానాకాలంలో చెమరుస్తోంది. నేలలోంచి నీళ్ళు వస్తున్నాయా?

చాలాసార్లు కాదు. నాపరాయి బరువైన రాయి, త్వరగా వేడెక్కదు. రెండు రోజుల ముసురు తర్వాత వెచ్చని తేమగాలి లోపలికి వస్తే చల్లని బండ మీద నీరు పడుతుంది. ఇది బండ మధ్యలో కూడా సమంగా కనిపిస్తుంది. బండల మధ్య సందుల వెంట మాత్రమే తడి, తెల్లని పొడి కనిపిస్తే అది నేలలోంచి వస్తున్నది. సందులు గీకి మళ్ళీ సిమెంటుతో నింపాలి. ఆ రోజుల్లో తడిగుడ్డతో తుడవడం ఆపి, పొడి గుడ్డ వాడండి. రెక్సిన్ చాపలు తీసేయండి, వాటి కింద తడి ఎప్పటికీ ఆరదు.

గోడ అడుగున పెచ్చులు ఊడుతున్నాయి, తెల్లగా ఉప్పు పూస్తోంది. ప్రతి సంక్రాంతికీ రంగు వేస్తున్నాం, మళ్ళీ అంతే. ఏం చేయాలి?

మన రాయలసీమ నుంచి అందరూ అడిగే ప్రశ్న ఇదే. రంగులకు ఏటా డబ్బు పోసే కుటుంబాలను చూస్తే మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే అసలు పని ఇంటి బయట ఉంది.

నేలలోని నీరు పునాది రాళ్ళ సందుల్లోంచి, ఇటుకల్లోంచి పైకి పీల్చుకుపోతుంది. సాధారణంగా మీటరు ఎత్తు దాకా ఎక్కుతుంది. దాంతో పాటు మన నేలల్లోని, బోరు నీళ్ళలోని లవణాలు కూడా వస్తాయి. నీరు గోడ ముఖం మీద ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు గట్టిపడి వ్యాకోచించేటప్పుడు రంగును, పుట్టీని, చివరికి సిమెంటు పూతను తోసేస్తుంది. కొత్త ఇళ్ళలో పునాది మట్టంలో నీటిని ఆపే కాంక్రీటు పొర వేస్తారు. పాత ఇళ్ళలో అది ఉండదు, కొన్నిటిలో ఉన్నా పనిచేయని పరిస్థితి తర్వాత వస్తుంది.

ఎలాగంటే, వీధిలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు మట్టం పెరుగుతుంది. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళిన ఇంట్లోకి ఇప్పుడు దిగి వెళ్తున్నాం. ఇంటి పక్క సందులో మట్టి, ఇసుక, పాత ఇటుక ముక్కలు పేరుకుని ఆ పొరను దాటి గోడకు ఆనుకుంటాయి. నీరు పొర పక్కనుంచి పైకి ఎక్కుతుంది. కాబట్టి మొదటి పని పారతో చేయాలి. గోడకు ఆనిన మట్టిని, లోపలి నేల మట్టం కంటే కనీసం అర అడుగు కిందికి తవ్వి తీసేయండి. గిన్నెలు తోమే చప్టా, పూల కుండీలు, కుళాయి గోడ మొదట్లో ఉంటే జరపండి. ట్యాంకు నిండి పొర్లే నీరు గోడ వెంట జారుతుంటే ట్యాంకులో తేలే బంతి వాల్వు వేయించండి.

రెండో పని, గోడ చుట్టూ రెండు మూడడుగుల వెడల్పున చప్టా. దీనికి మన ప్రాంతంలో మంచి సౌకర్యం ఉంది. బేతంచెర్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు గనుల బండలు ఇక్కడే దొరుకుతాయి. పాలిష్ లేని, అంచులు విరిగిన బండలైనా సరే. గోడ నుంచి బయటకు వాటం ఉండేలా పరిపించి, సందులు నింపించాలి. నల్లరేగడి నేలలో ఈ చప్టా ఇంకో మేలు కూడా చేస్తుంది. పునాది పక్కన మట్టి తడవకుండా, ఎండకుండా కాపాడి గోడ పగుళ్ళను తగ్గిస్తుంది.

ఆ తర్వాతే గోడ జోలికి రావాలి. ఉప్పును నీళ్ళతో కడగకండి, కరిగి మళ్ళీ లోపలికి పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, ఎత్తి బయట పారేయండి. వదులైన పూతను తడి గీత కంటే అడుగున్నర పైదాకా చెక్కేసి, ఒక ఎండాకాలం గోడను అలాగే వదిలేయండి. చూడటానికి బాగుండదు, చుట్టాలు అడుగుతారు, అయినా ఓపిక పట్టండి. రాయి, మట్టితో కట్టిన పాత గోడైతే తిరిగి సున్నపు పూత వేయించండి. సున్నం తేమను బయటకు వదులుతుంది. అలాంటి గోడకు గట్టి సిమెంటు పూస్తే నీరు బయటికి రాలేక ఇంకా పైకి ఎక్కుతుంది. సున్నం పని తెలిసిన బేల్దారులు తగ్గిపోతున్నారు, వెతికి పట్టుకోండి.

ఇంత చేసినా తగ్గకపోతే గోడ మొదట్లో వరుసగా రంధ్రాలు వేసి నీటిని ఆపే రసాయనం ఎక్కించే పద్ధతి ఉంది. అది ఖర్చుతో కూడుకున్నది. బయటి పని చేయకుండా దానికి పోవద్దు.

తడి కనిపించకుండా నాలుగడుగుల దాకా టైల్స్ వేయించవచ్చా?

వద్దు. తడి ఐదో అడుగున కనిపిస్తుంది.

పడకగది గోడకు తడి వస్తోంది. వెనక బాత్రూము ఉంది. పగలగొట్టాల్సిందేనా?

తొందరపడకండి. కుళాయి నీళ్ళు రోజూ రాని కాలనీల్లో బాత్రూములోనే సిమెంటు తొట్టి కట్టి నీళ్ళు నిల్వ చేసే అలవాటు ఉంది. ఆ తొట్టికి వెనక గోడ, పడకగది గోడ ఒకటే అయిన ఇళ్ళలో ముందుగా తొట్టినే అనుమానించాలి. దాన్ని ఖాళీ చేసి వారం రోజులు వాడకండి. గోడ మచ్చ పాలిపోతుంటే దొంగ దొరికినట్టే. తొట్టి లోపల నీటిని ఆపే పూత వేయిస్తే సరిపోతుంది, లేదా దాన్ని మానేసి ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టుకోండి, మూతతో సహా.

మచ్చ తగ్గకపోతే రాత్రి అన్ని కుళాయిలు కట్టేసి, పైన ట్యాంకులో నీటి మట్టానికి సుద్దతో గీత పెట్టండి. పొద్దునకు గీత దిగితే సరఫరా గొట్టం కారుతోంది. దిగకపోతే టైల్స్ సందులు, నీళ్ళు పోయే జాలీ చుట్టూ ఉన్న పగుళ్ళు చూడాలి. సందులు గీకి కొత్తగా గ్రౌట్ నింపుకోవడం ఒక పూట పని.

స్లాబు కారుతోంది. పైన మొత్తం వాటర్‌ప్రూఫింగ్ చేయించాలని చెప్పారు. తప్పదా?

ముందు వాన గొట్టాల నోళ్ళు చూడండి. ఆకులు, పావురాల గూళ్ళు, ఎప్పటిదో ప్లాస్టిక్ కవరు అడ్డుపడి నీరు నిలవడమే చాలా ఇళ్ళలో కారణం. తర్వాత పిట్టగోడ, స్లాబు కలిసే మూల చుట్టూ నడుస్తూ చూడండి. పగుళ్ళు అక్కడే ఎక్కువ. సన్నని పగులును ఉలితో ఆంగ్ల అక్షరం వి ఆకారంలో కాస్త వెడల్పు చేసి, దుమ్ము ఊది, తడిపి, లేటెక్స్ కలిపిన సిమెంటుతో నింపించండి. మూలను వాలుగా, గుండ్రంగా పూయించండి. ఇంత చేసి ఒక వాన చూడండి.

ఎక్కడ కారుతోందో తెలియకపోతే గొట్టాల నోళ్ళు మూసి, రెండంగుళాల నీరు ఒక రోజు నిలబెట్టి కింద నుంచి చూస్తారు. ఈ పరీక్ష గట్టి కాంక్రీటు స్లాబుకే. రెండంగుళాల నీరంటే చదరపు మీటరుకు 50 కిలోల బరువు. దూలాలు, దంతెల మీద మట్టి పోసిన పాత మిద్దెలకు, ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడుతున్న స్లాబులకు దీన్ని చేయవద్దు. మట్టి మిద్దెకు పెద్దలు చేసిన పద్ధతే సరైనది. వానలకు ముందు పైన మొలిచిన గడ్డి వేళ్ళతో సహా పీకి, కొత్తగా చౌడు మన్ను పరిచి, వాటం సరిచేసి గట్టిగా దిమ్మిస కొట్టాలి.

బూజు పట్టిన గోడను ఎలా శుభ్రం చేయాలి?

ముక్కుకు, నోటికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకుని, కిటికీ తెరిచి, సబ్బు నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవండి. పొడి చీపురుతో దులపకండి, బూజు రేణువులు గదంతా పరుచుకుంటాయి. తుడిచాక మామూలు వెనిగర్ నీళ్ళు కలపకుండా పూసి, గంట ఆగి మళ్ళీ తుడిచి, ఫ్యాను వేసి ఆరబెట్టండి. సున్నపు పూత ఉన్న గోడకు, బండలకు వెనిగర్ వాడకండి, సున్నాన్ని తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరు నీళ్ళు టైల్స్‌కు పనికొస్తాయి. దాన్ని యాసిడ్‌తో గానీ, మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రావకంతో గానీ, వెనిగర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరితిత్తులను కాలుస్తుంది.

ఉబ్బసం ఉన్నవారిని, పసిపిల్లలను, వృద్ధులను ఆ గదిలో పడుకోబెట్టకండి. దీన్ని వాయిదా వేయడానికి వీల్లేదు.

బీరువాలో ముక్కవాసన వస్తోంది. కర్పూరం, బొగ్గు, ఉప్పు, సున్నం, వీటిలో ఏది మంచిది?

కర్పూరం, కలరా ఉండలు వాసనను కప్పుతాయి, పురుగును ఆపుతాయి, తేమను పీల్చవు. బొగ్గు వాసనను కొంత లాగుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే నీటిని పట్టుకుంటుంది, అప్పటికే ఆలస్యమైపోతుంది. నీళ్ళు కలపని కాల్చిన సున్నం తేమను బాగా పీల్చుకుంటుంది గానీ కళ్ళలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, పిల్లలున్న ఇంట్లో వద్దు. కాల్షియం క్లోరైడు డబ్బాలు బాగా పనిచేస్తాయి. వాటిలో నిండే నీటిని బట్టల మీద ఒలకనివ్వకండి. మందుల సీసాల్లో, చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు కూడబెట్టుకోవచ్చు.

వీటన్నిటి కంటే ముందు బీరువాను బయటి గోడ నుంచి నాలుగంగుళాలు జరపండి. దాని కాళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టండి. ఎండ కాసిన రోజు తలుపులు బార్లా తెరిచి, పట్టుచీరలు మడతలు మార్చి పెట్టండి.

తేమను తీసే యంత్రం కొనాలా?

మన వాతావరణంలో ఏడాదికి కొన్ని వారాల కోసం అన్ని వేల రూపాయల యంత్రం అక్కరలేదు. ఏసీ ఉంటే దానిలోని డ్రై మోడ్ వాడుకోండి.

వేరుశనగ, ఉల్లి బస్తాలు ఇంట్లోనే పెడతాం. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది, రెండు వైపులా ఉంది. సరిగా ఆరని కాయలు, ఉల్లిగడ్డలు రోజూ గదిలోకి తేమను వదులుతాయి. గోడ చెమ్మ తిరిగి బస్తాకు ఎక్కుతుంది. చెమ్మ తగిలిన వేరుశనగలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా ఉడకబెట్టినా పూర్తిగా పోదు. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమనేదాకా ఎండబెట్టండి. బస్తాలను చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టండి. రంగు మారిన, ముడతపడిన, బూజు పట్టిన గింజలు ఏరి పారేయండి. పశువులకు కూడా పెట్టకండి.

కొత్త ఇల్లు. గృహప్రవేశమై ఆరు నెలలు కాలేదు, గోడలు బుడగలు వస్తున్నాయి. కాంట్రాక్టరు మోసం చేశాడా?

ముహూర్తం కోసం తొందరపడితే ఇలా జరుగుతుంది. ఇటుక, కాంక్రీటు, పూత, వాటిని తడిపిన నీళ్ళు, అన్నీ ఆరాలి. అంగుళం మందానికి నెల పడుతుందనేది కట్టడాల వారి మోటు లెక్క, మన ఎండల్లో కొంత త్వరగా ఆరుతుంది. ఆరకముందే పుట్టీ, ప్లాస్టిక్ రంగు వేస్తే తడి లోపల చిక్కుకుంటుంది. ముహూర్తానికి రెండు చేతుల వెల్ల వేసుకుని, ఒక ఎండాకాలం గడిచాక ఖరీదైన రంగులు వేసుకోండి. ఇప్పటికే బుడగలు వచ్చిన చోట గీకి, వేసవి దాకా వదిలేయండి. వేసవి తర్వాత కూడా అదే చోట వస్తే అప్పుడు కాంట్రాక్టరును పిలిపించండి.

వరద నీళ్ళు ఇంట్లోకి వచ్చి పోయాక ఏం చేయాలి?

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్ళు మునిగినప్పుడు వేల ఇళ్ళకు ఈ ప్రశ్న వచ్చింది. కరెంటు మెయిన్ కట్టేసి, పనిమంతుడైన ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయకండి. బురద తడిగా ఉండగానే కడిగేయాలి, ఎండితే రాయి అవుతుంది. గోడకు ఆనిన సామాను, నేల చాపలు, చెక్క అలమరాల వెనక పలకలు తీసేయండి. మట్టితో కట్టిన గోడ వంగినట్టు, పగిలినట్టు కనిపిస్తే ఆ గదిలో పడుకోకండి. నీరు తీసిన తర్వాత రోజుల్లోనే ఇలాంటి గోడలు కూలతాయి. రంగుల మాట కనీసం ఒక ఎండాకాలం గడిచేదాకా ఎత్తవద్దు.

తడి గోడ మీద స్విచ్చుబోర్డు ఉంది. ముట్టుకుంటే జివ్వుమంటోంది.

ఈ పేజీలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇది. ఆ సర్క్యూట్ ఇప్పుడే కట్టేయండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఇంటి మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు పెట్టించండి. కరెంటు గోడలోకో, మనిషిలోకో లీకైతే క్షణంలో తెంచేస్తుంది. లోడు ఎక్కువైతే పడిపోయే మామూలు ఎంసీబీ స్విచ్చు ఆ పని చేయదు.

అద్దె ఇల్లు. యజమాని పట్టించుకోవడం లేదు. మా చేతిలో ఏముంది?

గాలికి, ఆవిరికి సంబంధించినవన్నీ మీ చేతిలోనే ఉన్నాయి. కిటికీ గాడి రంధ్రాలు, బీరువా ఎడం, డ్రమ్ములకు మూతలు, బట్టలు మిద్దె మీద ఆరేయడం, వీటికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఎగ్జాస్ట్ ఫ్యాను మీరే కొని, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోవచ్చు.

గోడ, స్లాబు, గొట్టాల మరమ్మతు యజమానిది. మచ్చలను తేదీ కనబడేలా ఫోటోలు తీసి, ప్లాస్టిక్ షీటు పరీక్ష ఫోటో కూడా కలిపి పంపండి. మీరు కిటికీలు తెరవకపోవడం వల్లే వచ్చిందన్న మాటకు ఆ షీటు లోపలి తడి చాలు, జవాబు చెబుతుంది. స్లాబు మొత్తం చేయించమని అడిగితే ఎవరూ కదలరు. పిట్టగోడ మూల ఒక్కటి పూయించండి, లేదా మేమే చేయించి అద్దెలో తగ్గించుకుంటాం అని అడగండి. ఒప్పుకుంటే ఆ మాట ఫోనులో రాతపూర్వకంగా తీసుకున్నాకే బేల్దారిని పిలవండి.

ఇల్లు చూడటానికి వెళ్ళేటప్పుడు వానాకాలంలోనే వెళ్ళగలిగితే మంచిది. వీలుకాకపోతే కొత్తగా రంగు వేసిన గోడ అడుగును వేళ్ళతో తట్టి చూడండి. బోలు శబ్దం వస్తే, లోపల పూత ఊడి ఉందని అర్థం. బీరువా పెట్టే గోడకు అవతల ఏముందో అడిగాకే అడ్వాన్సు ఇవ్వండి.